పొడిగించారట, మరి మాకేటి? కర్ఫ్యూ, లాక్‌డౌన్, లోకల్ ఎమర్జెన్సీ పొడిగింపుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో నాకో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. అర్జీలు టైపు చెయ్యడం, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపడం మా పని. 2020లో షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నా జనం ఫోను పెట్టనివ్వలేదు. పొడిగించారట కదా, ఎన్నాళ్ళు, ఎవరు చెప్పారు, పాసు మళ్ళీ తీసుకోవాలా అని ఒకటే ప్రశ్నలు. ఇప్పటికీ టీవీలో ఏదో కొత్త వైరస్ పేరు వినపడిందంటే చాలు, మర్నాడు షాపు బెంచీ మీద అవే ప్రశ్నలు. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను లాయర్ని కాదు, ఆ కాగితాలు చూసి చూసి తెలుసుకున్నవాణ్ణి, అంతే.

ఎమర్జెన్సీ అంటే ఇందిరాగాంధీ పెట్టినదేనా?

కాదు. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా ఉన్నది రాజ్యాంగం 352వ అధికరణం కింద పెట్టిన ఎమర్జెన్సీ. కోవిడ్‌కి మన దేశంలో దాన్ని ముట్టుకోలేదు. వాడినవి ముఖ్యంగా మూడు. ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం, అంతకుముందు ఏడాది బొంబాయిలో ప్లేగు వస్తే తెల్లవాళ్ళు తెచ్చుకున్నది, మొత్తం నాలుగే సెక్షన్లు. రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం, సునామీ వచ్చిన మరుసటి ఏడాది చేసింది. మూడోది అందరికీ తెలిసిన 144 సెక్షను. ఇప్పుడు దాని నంబరు మారింది, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 163, కానీ మైకులో పోలీసులు ఇంకా 144 అనే అంటున్నారు, మనకీ అదే అలవాటు.

మన కార్పొరేషన్ సొంతంగా లాక్‌డౌన్ పెట్టగలదా, పొడిగించగలదా?

లేదు. ఇది చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే వీధి చివర కర్రలు కట్టినవాళ్ళూ, బ్లీచింగ్ చల్లినవాళ్ళూ, కూరగాయల బజారుని మైదానంలోకి మార్చి సున్నంతో గళ్ళు గీసినవాళ్ళూ మున్సిపాలిటీ మనుషులే. కానీ వాళ్ళు చేసింది పైనుంచి వచ్చిన ఆర్డరు అమలు చెయ్యడం. విపత్తు చట్టం ప్రకారం దేశానికి ప్రధాని, రాష్ట్రానికి ముఖ్యమంత్రి, జిల్లాకి కలెక్టరు పెద్దలు. జిల్లా సంస్థ చెప్పినట్టు నడుచుకోవాలని మున్సిపాలిటీలకి ఆ చట్టంలోనే రాసి ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2020లో విజయనగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. పాత పాలకవర్గం గడువు 2019లోనే అయిపోయింది, కొత్త ఎన్నికలు 2020 మార్చిలో అనుకుంటే అవే కోవిడ్ వల్ల వాయిదా పడి, చివరికి 2021 మార్చి 10న ఓట్లు వేశాం. శ్రీకాకుళం కార్పొరేషన్‌కి అప్పుడు కూడా జరగలేదు. అంటే మన వీధిలో ఏం మూస్తారు, ఎన్నాళ్ళు మూస్తారు అన్న మాట మీద మన ఓటుతో గెలిచిన కార్పొరేటరు ఒక్కడు కూడా చెయ్యి ఎత్తలేదు, ఎత్తడానికి అసలు అక్కడ లేడు. దీన్ని తప్పు అని కాదు, గుర్తుంచుకోమని చెబుతున్నాను, కింది ప్రశ్నకి పనికొస్తుంది.

మా అబ్బాయి ఉన్న అమెరికా ఊళ్ళో సిటీ కౌన్సిల్ "లోకల్ ఎమర్జెన్సీ" పొడిగించిందట. వాణ్ణి బయటికి రానివ్వరా?

ఈ ప్రశ్న మొదట అడిగింది మా కాలనీలో ఒక పిన్ని. 2021 చివర్లో ఫోన్ చేసి, "ఒరే బాబూ, వాళ్ళ ఊళ్ళో ఎమర్జెన్సీ మళ్ళీ పొడిగించారట, వాడేమో బీచిలో తిరుగుతున్న ఫోటో పెట్టాడు, ఏటిది, పోలీసులు పట్టుకోరా" అంది. కొడుకుని అడిగితే "ఏం లేదమ్మా" అని పెట్టేస్తాడు కదా, ఆ "ఏం లేదు"తోనే తల్లికి టెన్షన్.

పట్టుకోరు. ఎందుకంటే అక్కడ ఎమర్జెన్సీ వేరు, ఇంట్లో ఉండమనే ఆర్డరు వేరు. మనకి రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి గాని వాళ్ళకి కాగితాలు విడివిడిగా ఉంటాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియానే చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో మేయరు 2020 ఫిబ్రవరి 25న లోకల్ ఎమర్జెన్సీ ప్రకటించింది. జనాన్ని ఇళ్ళలో ఉండమన్నది మాత్రం మార్చి 16న, అదీ ఆ చుట్టుపక్కల కౌంటీల ఆరోగ్య అధికారులు ఇచ్చిన వేరే ఆర్డరు. 2021 జూన్ 15కి రాష్ట్రం దాదాపు అంతా తెరిచేశారు. కానీ ఎమర్జెన్సీ కాగితం మాత్రం బతికే ఉంది. లాస్ ఏంజెలెస్ సిటీలో అది 2023 ఫిబ్రవరి 1కి ముగిసింది, రాష్ట్రానిది 2023 ఫిబ్రవరి 28కి.

మరి అన్నీ తెరిచాక ఆ కాగితం దేనికి? మొదటిది డబ్బు. విపత్తు ఖర్చుల్ని తిరిగి ఇచ్చే ఫెమా అనే కేంద్ర సంస్థ ఒకటి ఉంది వాళ్ళకి, మామూలుగా ఖర్చులో 75 శాతం కేంద్రం భరిస్తుంది, కోవిడ్‌కి చాలాకాలం నూటికి నూరూ భరించింది. ఆ లెక్కలు చూపించుకోవాలంటే సిటీకి ఎమర్జెన్సీ ప్రకటన అండగా ఉండాలి. రెండోది కొనుగోళ్ళు. మాస్కులో, టెంట్లో కావాలంటే టెండరు పిలిచి నెలలు కూర్చోకుండా కొనుక్కోవచ్చు. మూడోది అద్దెలు. లాస్ ఏంజెలెస్‌లో కోవిడ్ వల్ల అద్దె కట్టలేకపోయినవాళ్ళని ఖాళీ చేయించకూడదన్న రక్షణని ఈ లోకల్ ఎమర్జెన్సీకే కట్టి పెట్టారు. అది పోతే ఇదీ పోతుంది. అందుకే అక్కడ పొడిగించమని అద్దెకుండేవాళ్ళూ, వద్దని ఇంటి ఓనర్లూ పోట్లాడుకున్నారు. మన దగ్గర పొడిగింపు అంటే కూలివాడి కడుపు మీద దెబ్బ, అక్కడ పొడిగింపు అంటే అద్దెకున్నవాడి నెత్తిన గొడుగు. మాట ఒకటే, ఊరు మారితే అర్థం తలకిందులు.

నాకు అందులో నచ్చింది ఒకటుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అధికారి ఎవరైనా సొంతంగా లోకల్ ఎమర్జెన్సీ ప్రకటిస్తే ఏడు రోజుల్లోపు కౌన్సిల్ ఒప్పుకోవాలి, లేకపోతే చెల్లదు. ఒప్పుకున్నాక కూడా 60 రోజులకి ఒకసారైనా ఇది ఇంకా అవసరమా అని చూసుకోవాలి. అంటే "పొడిగించారు" అని మీ అబ్బాయి ఊరి పేపర్లో వస్తే దానర్థం పరిస్థితి ముదిరిందని కాదు. గడువు దగ్గర పడింది, మళ్ళీ కూర్చుని చెయ్యెత్తారు అని. పిన్నికి ఇదే చెప్పాను. "మరైతే వాడు బీచికెళ్ళడం తప్పు కాదు కదా" అంది. కాదన్నాను. "ఐతే చలిలో తువ్వాలేనా కప్పుకోకుండా వెళ్ళాడు, అది తప్పు" అని పెట్టేసింది.

మన దగ్గర ఒకేసారి మూడు నెలలు అని చెప్పెయ్యొచ్చు కదా, ముక్కలు ముక్కలుగా ఎందుకు పొడిగించారు?

ఇదే అందరి కడుపుమంట, అప్పట్లో నాది కూడా. 2020 మార్చి 25 నుంచి 21 రోజులన్నారు, ఏప్రిల్ 14. మధ్యలో మార్చి 30న కేంద్ర కేబినెట్ కార్యదర్శి స్థాయిలో "పొడిగించే ఆలోచన లేదు" అని చెప్పారు, మేమంతా నమ్మాం. ఏప్రిల్ 14 రాగానే మే 3 అన్నారు. తర్వాత మే 17. తర్వాత మే 31. లెక్కేస్తే మొత్తం 68 రోజులు. మొదటే 68 అని ఉంటే నెలకి సరిపడా ఉప్పూ పప్పూ చూసుకునేవాళ్ళం, ఊరెళ్ళిపోయేవాళ్ళు ఊరెళ్ళిపోయేవాళ్ళు. నిజమే.

కానీ రెండో వైపు కూడా చూడండి. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక బయటపడటానికి 14 రోజుల దాకా పట్టొచ్చు, కాబట్టి ఇవాళ మూస్తే ఫలితం కనపడేది రెండు వారాల తర్వాతే. అందుకే గడువులు రెండు వారాలు, మూడు వారాలు అలా నడిచాయి. అంతకన్నా ముఖ్యం, గడువు ఉన్న ఆర్డరు దానంతట అదే చచ్చిపోతుంది. బతికించాలంటే ఎవరో ఒకరు మళ్ళీ సంతకం పెట్టాలి, పెట్టేటప్పుడు ఎంతో కొంత మార్చాలి. 2021లో మన రాష్ట్రంలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. మే 5న మొదలైన కర్ఫ్యూలో మధ్యాహ్నం 12 కొట్టేసరికి షట్టర్లు పడాలి. మే 18 దాకా అన్నారు, మే నెలాఖరుకి పొడిగించారు, మళ్ళీ జూన్ 10కి. జూన్ 11 నుంచి పొడిగించినప్పుడు సడలింపు 2 గంటల దాకా పెరిగింది, జూన్ 21 నుంచి సాయంత్రం 6 దాకా, తూర్పు గోదావరిలో మాత్రం 2 గంటలే ఉంచారు. అంటే ప్రతి పొడిగింపు దగ్గరా ఎవరో లెక్కలు చూశారు, జిల్లాకో మాట చెప్పారు. "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు" అని రాసి వదిలేసే కాగితం చూస్తే నాకు భయం. ఆ తదుపరి ఉత్తర్వు ఎప్పటికీ రాకపోయినా అడిగేవాడుండడు. మా షాపులో అలాంటి మాటతో ఆగిపోయిన ఫైళ్ళ అర్జీలు ఎన్ని టైపు చేశానో.

మా జిల్లాలో ఒక్క కేసు లేదు, మాకెందుకు పొడిగించారు?

ఏప్రిల్ 2020లో ఈ ప్రశ్న అడిగే హక్కు రాష్ట్రంలో మన రెండు జిల్లాలకే ఉండేది. శ్రీకాకుళంలో మొదటి కేసులు ఏప్రిల్ 25న, పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. మే మొదట్లో కేంద్రం కేసుల్ని బట్టి జిల్లాలకి రంగులు పంచినప్పుడు ఆంధ్రలో గ్రీన్ జోన్ అంటే విజయనగరం ఒక్కటే, శ్రీకాకుళం ఆరెంజ్. మేం కాలర్ ఎగరేశాం. వారం తిరక్కుండానే మనకీ కేసులొచ్చాయి, కాలర్ దింపేశాం. టెస్టులు తక్కువ చేస్తే కేసులు తక్కువే ఉంటాయి కదా అని మా షాపుకొచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు అప్పుడే అనేవారు.

పొడిగింపు వల్ల మనవాళ్ళలో ఎక్కువ నలిగింది ఎవరు?

నన్నడిగితే వేరావల్ వెళ్ళిన మత్స్యకారులు. శ్రీకాకుళం, విజయనగరం తీరం ఊళ్ళనుంచి ఏటా వేలమంది గుజరాత్ వెళ్ళి అక్కడి పడవల మీద కూలికి పనిచేస్తారు. లాక్‌డౌన్ పడేసరికి రేవులోనే ఇరుక్కుపోయారు. ఒడ్డున ఇల్లు లేదు, పడవే ఇల్లు. ఏప్రిల్ 14కి అయిపోతుంది, రైలెక్కేస్తాం అని రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళకి మే 3 అన్న మాట ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చివరికి ఏప్రిల్ నెలాఖరున బస్సులు పెట్టి తీసుకొచ్చారు, వేరావల్ నుంచి సిక్కోలు దాకా బస్సులో, ఎండాకాలంలో. భోగాపురం వైపు నుంచి ఒకావిడ నాకు ఫోన్ చేసి మొగుడి పేరు లిస్టులో ఉందో లేదో చూడమంది. ఫోన్లోకొచ్చిన లిస్టు ఫోటో మసకగా ఉంది, ఇంటిపేర్లు ఇంగ్లీషులో తప్పులతడక, వేలు పెట్టి ఒక్కో వరస చదివాను. మూడోసారి చదివినప్పుడు దొరికింది, పేరూ ఇంటిపేరూ అటూ ఇటూ అయిపోయి ఉన్నాయి. ఉంది అని చెప్పాక అవతల నుంచి మాట లేదు, కాసేపటికి "మా వాడికి అన్నం వండాలి బాబూ, ఉంటాను" అంది.

ఇచ్ఛాపురంలో ఉంటాం. ఆంధ్రా తేదీ చూడాలా, ఒడిశా తేదీ చూడాలా?

రెండూ. నవ్వకండి, నిజంగానే రెండూ. ఒడిశా ఏప్రిల్ 9నే, దేశంలో అందరికన్నా ముందు, ఏప్రిల్ 30 దాకా పొడిగించేసింది. మనకి కేంద్రం మాట ఏప్రిల్ 14న వచ్చింది. ఆ అయిదు రోజులూ పురుషోత్తపురం చెక్‌పోస్టుకి ఒక పక్కన ఒక తేదీ, ఇంకో పక్కన ఇంకో తేదీ. మీరు నిలబడ్డ నేల ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రం ఆర్డరు వర్తిస్తుంది, దాటాలంటే రెండూ ఒప్పుకోవాలి.

వాట్సాప్‌లో కలెక్టర్ గారి ఆర్డర్ అని వస్తే నమ్మొచ్చా?

ముందు నంబరు చూడండి, తర్వాత తేదీ, తర్వాత సంతకం, చివర ఏ చట్టం కింద ఇచ్చారో. ఈ నాలుగింట్లో ఒకటి లేకపోయినా పక్కన పెట్టండి. 2020లో మా గ్రూపులోకి ఒక కాగితం వచ్చింది, సీలు ఉంది, ఆకుపచ్చ సంతకం ఉంది, అంతా దొర కాగితమే. కానీ "30వ తేదీ వరకు" అన్న చోట 30 మిగతా అంకెల కన్నా పిసరంత లావుగా, వరస కింద నుంచి కాస్త పైకి లేచి ఉంది. పాతికేళ్ళుగా టైపు కొడుతున్నవాడి కంటికి అది ముల్లులా తగులుతుంది. ఎవడో పాత ఆర్డరు ఫోటో మీద అంకె అతికించాడు. అప్పటికే మా వీధిలో ఇద్దరు బియ్యం బస్తాలకి పరిగెత్తారు.

జీవోలు ప్రభుత్వ సైట్లో దొరుకుతాయి. 2021 ఆగస్టులో పెట్టడం ఆపేశారు, 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలోవి దొరక్కపోతే అదీ కారణం.

144 సెక్షను ఎన్నాళ్ళైనా పొడిగించొచ్చా?

లేదు. ఒక ఆర్డరు రెండు నెలలకి మించి ఉండదు. ఆ పైన రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే మరో ఆరు నెలల దాకా పెంచొచ్చు.

మీరితే ఏం శిక్ష?

కోవిడ్ రోజుల్లో ఎక్కువగా పెట్టింది ఐపీసీ 188 సెక్షను. మామూలుగా నెల జైలు లేదా 200 రూపాయలు, ప్రాణాలకి ముప్పు తెచ్చేదైతే ఆరు నెలలు లేదా వెయ్యి. విపత్తు చట్టం కింద ఏడాది దాకా. ఇప్పుడు 188 బదులు కొత్త చట్టంలో 223 వచ్చింది, దాంట్లో జైలూ జరిమానా రెండూ పెరిగాయి. లాఠీ దెబ్బలు ఏ సెక్షన్లోనూ లేవు, అప్పట్లో తిన్నవాళ్ళు చాలామంది, కాగితం మీద మాత్రం కనపడవు.

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక పొడిగిస్తే?

అప్పుడు కేంద్రం లెక్క పెళ్లికి 50 మంది, అంత్యక్రియలకి 20. మా షాపులో శుభలేఖలు వేయించుకున్న ఒక పార్టీ అయిదు వందల కార్డులు వదిలేసి, నన్ను ఫోన్లో పంపే కార్డు ఒకటి చేసిపెట్టమన్నారు, కింద "మీ ఆశీస్సులు ఇంటినుంచే" అని. ఆ అయిదు వందలకీ డబ్బులు ఇంకా రావాలి. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కూడా 2020లో తిరిగింది గాని ఎప్పటి జనం లేరు. కోట దగ్గర ఆ రోడ్డు ఖాళీగా ఉండటం నాకు తెలిసి అదే మొదటిసారి.

లాక్‌డౌన్ పొడిగిస్తే ఈఎంఐ, అద్దె కూడా వాయిదా పడతాయా?

దానంతట అదే పడదు, దీన్ని నమ్మే చాలామంది మునిగారు. ఈఎంఐలకి రిజర్వు బ్యాంకు వేరే మాట చెప్పింది, మొదట మార్చి నుంచి మే దాకా, తర్వాత 2020 ఆగస్టు 31 దాకా. కానీ కట్టక్కర్లేదు అన్నారే గాని వడ్డీ పెరగదు అనలేదు. ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా బావమరిది ఆరు నెలలు బండి కిస్తీ ఆపి, తర్వాత స్టేట్‌మెంట్ పట్టుకొచ్చి నా మొహం మీద ఊపాడు, నేనే సలహా ఇచ్చినట్టు. అద్దెల విషయంలో 2020 మార్చి 29న కేంద్రం ఇచ్చిన ఆర్డరు కూలీలని నెల రోజులు అద్దె అడగొద్దు అన్నంతవరకే. కాలిఫోర్నియాలోలా ఏళ్ళ తరబడి రక్షణ మనకి లేదు.

మొత్తానికి అవన్నీ ఎప్పుడు ఎత్తేశారు?

విపత్తు చట్టం కింద కేంద్రం ఇస్తూ వచ్చిన కోవిడ్ ఆర్డర్లు 2022 మార్చి 31తో ఆగిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఎమర్జెన్సీని 2023 మే 5న ఎత్తేసింది.

అప్పట్లో నా బండి సీజ్ చేశారు, తర్వాత ఇచ్చేశారు. కేసు ఇంకా ఉందా?

బండి ఇచ్చేశారు కాబట్టి కేసు పోయిందనుకోకండి, రెండూ వేరు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరుతోగాని, ఎఫ్‌ఐఆర్ నంబరూ స్టేషనూ ఇచ్చిగాని వెతకొచ్చు. పేరు ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి, స్టేషన్లో రాసుకున్న స్పెల్లింగు మీ ఆధార్లో ఉన్నది కాకపోవచ్చు. పిల్లల పాస్‌పోర్టుకో, ఉద్యోగానికో పోలీసు వెరిఫికేషన్ వచ్చేముందే చూసుకోండి. యాప్‌లో వెతికినా దొరక్కపోతే బండి విడిపించుకున్నప్పుడు ఇచ్చిన రసీదు తీసుకుని షాపుకి రండి, దాని మీద నంబరు ఉంటుంది. ఆదివారం మాత్రం మూసి ఉంటాను.